చేతులు దులుపుకునే మాస్టారు

మా మాస్టారు పోయారు. పోయిన నాలుగో రోజున వాళ్ళావిడ ఫోన్ చేశారు. ఆవిణ్ణి మేమంతా పిన్నిగారనేవాళ్ళం. "పెద్దకార్యం నాడు నువ్వు నాలుగు మాటలు చెప్పాలమ్మా. ఏడేళ్ళు ఆయన పక్కనున్నదానివి. నీకన్నా ఆయన్ని తెలిసినవాళ్ళెవరున్నారు?" అన్నారు.

తెలుసు. తెలియబట్టే కదా ఈ ఏడుపంతా. "అలాగేనండి పిన్నిగారూ" అని ఫోన్ పెట్టేసి, కాయితం ముందేసుకుని కూర్చున్నాను. పెన్ను పట్టుకోగానే కుడిచేతి బొటనవేలు మొదట్లో కలుక్కుమంది. ఆయన పేరెత్తితే చాలు, నాకన్నా ముందు అదే పలుకుతుంది.

రాజమండ్రి ఇన్నీసుపేటలో వాళ్ళ వీధి మలుపు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో మాస్టారు అందరికీ నమస్కారం పెడుతున్నారు. దారిన పోయేవాళ్ళు మొహం చూసి "అయ్యో, పెద్దాయన" అనుకుంటారు. నేను చేతులు చూశాను. ముప్పై ఏళ్ళపాటు జనం నడుములు, మెడలు, మోకాళ్ళు పట్టి బాగుచేసిన ఫిజియోథెరపిస్టు చేతులవి అంటే ఎవరూ నమ్మరు. గోరింటాకు పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న పెళ్ళికూతురి చేతుల్లా, నున్నగా, బొద్దుగా ఉండేవి. ఒక కాయ లేదు, ఒక వంకర లేదు. మొదట్లో నేను ఆ చేతుల్ని చూసి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఎలా కాపాడుకున్నారో తెలిశాక చూడ్డం మానేశాను.

ఉద్యోగానికి వెళ్ళిన రోజున నా సర్టిఫికెట్లు బల్ల మీద అలాగే ఉన్నాయి, ఆయన తిప్పి కూడా చూడలేదు.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"వేటకెళ్తారండి. మాది ఉప్పాడ."

"ఓహో. నువ్వూ వల లాగేదానివా?"

"చిన్నప్పుడండి. ఒడ్డు మీంచి లాగే పెద్దవల ఉంటుంది కదండీ, ఊరంతా కలిసి లాగుతారు. నేనూ ఒక చెయ్యి వేసేదాన్ని."

"ఏదీ ఆ చెయ్యి?"

చాపాను. జాతకం చెబుతారేమో అనుకున్నాను. ఆయన అరచెయ్యి తిరగేసి, మణికట్టు వంచి, బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగుంది. రేపట్నుంచి రా" అన్నారు. చదువు చూడకుండా చెయ్యి చూసి ఉద్యోగం ఇచ్చిన మహానుభావుడని మా అమ్మతో చెప్పి మురిసిపోయాను. సంతలో ఎద్దుని కొనేవాడు కూడా పళ్ళే చూస్తాడు, వంశవృక్షం అడగడు. అది నాకు ఏడేళ్ళ తరవాత గాని వెలగలేదు. నా బుర్ర అలాంటిది.

ఇక ఆయన పద్ధతి చెప్పాలి. ఒక్కో పేషెంటు పని అయిపోగానే పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళేవారు. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఒకసారి తుడిచి, తూము వైపుకి చేతులు మూడుసార్లు విదిలించేవారు. ఫట్, ఫట్, ఫట్. వీధిలోకి వినపడేది. తరవాత కడుక్కుని, అల్లం వేసిన మజ్జిగ ఒక గ్లాసు తాగి, కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు కుర్చీలో కూర్చునేవారు. ఆ అయిదు నిమిషాల్లో కలెక్టరుగారొచ్చినా సరే, లేచేది లేదు.

"ఎవరి నొప్పి వాళ్ళు తెచ్చుకున్నారమ్మా. అది మన చేతికి అంటుకుంటే మనింటికొచ్చి మన మంచమెక్కి పడుకుంటుంది. దులుపు. కడుగు. కూర్చో." ఇదే ఆయన మంత్రం.

బయట ఎవరైనా సణిగితే, లోపల్నుంచే కేకేసేవారు: "బాబూ, బావిలో నీళ్ళూరనివ్వాలా వద్దా? వరసపెట్టి తోడితే బురదొస్తుంది. బురద రాయించుకుంటావా?" ఆ బాబు నవ్వేసి పేపరు తిరగేసుకునేవాడు. మనుషుల్ని కోపం రాకుండా కాచుక్కూర్చోబెట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

ఆయన నాకేమీ మేలు చెయ్యలేదంటే కళ్ళు పోతాయి. మొదటి ఏడాది నేను సగం చచ్చిపోయాను. పొద్దుట్నుంచీ జనాన్ని ముట్టుకుని ముట్టుకుని, ఇంటికెళ్ళాక నన్నెవరైనా ముట్టుకుంటే ఒళ్ళు మండిపోయేది. ఉప్పాడ వెళ్ళినప్పుడు అమ్మ జడ వేస్తానని తల మీద చెయ్యి వేస్తే విసిరికొట్టాను. అమ్మ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. వారం తిరక్కుండానే మాస్టారు మజ్జిగ తాగుతూ అడిగారు.

"ఇంట్లో ఎవరైనా చెయ్యేస్తే చిరాకేస్తోందా?"

నాకు ఏడుపొచ్చేసింది. "మీకెలా తెలుసండీ?"

"ఈ పనిలో అందరికీ వస్తుంది. పాపం కాదు, జబ్బూ కాదు. నువ్వు చేతుల్తో పాటు ప్రాణం కూడా ఇచ్చేస్తున్నావు. చెయ్యివ్వు, చెవివ్వు. ప్రాణం మాత్రం నీ దగ్గరే అట్టేపెట్టుకో. రేపు పొద్దున్నొచ్చేవాడికి అదే కావాలి."

మంచం ఎత్తు నా పిడికిలికి అందేలా సరిచేయించారు. నడుము వంచకుండా, పాదాలు ముందూ వెనకా వేసి, ఒంటి బరువుతో నొక్కడం నేర్పారు. ముంజేత్తో అయ్యేదానికి వేళ్ళు వాడితే మందలించేవారు. "బొటనవేలు బంగారమమ్మా. బంగారం వేసుకుని బియ్యం దంచుతామా?" అనేవారు. పేషెంటు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఎంతసేపు వినాలో, ఎక్కడ "లేచి కూర్చోండి" అనాలో నేర్పారు. మూడు నెలల్లో నేను మళ్ళీ మనిషినయ్యాను. ఆదివారం ఉప్పాడ వెళ్ళి, అమ్మ ముందు పీట వేసుక్కూర్చుని, జడ వెయ్యమన్నాను. ఇంత చేసిన మనిషిని ఎలా అనుమానిస్తాం చెప్పండి?

ఆయన ఏకాదశి సంగతి చెప్పకపోతే మాస్టార్ని చెప్పినట్టే కాదు. నెలకి రెండు ఏకాదశులూ ఆయన చేతులకి ఉపవాసం. నోటికి కాదు సుమండీ. ఆ రోజు పెసరట్టు, ఉప్మా, పైన అల్లప్పచ్చడి, అన్నీ సాగేవి. కాకపోతే స్పూనుతో తినేవారు. చొక్కా బొత్తాలు పిన్నిగారు పెట్టాలి, పేపరు పిన్నిగారు తిప్పాలి. "చేతులకి ఏకాదశమ్మా. వాటికి మాత్రం పుణ్యం అక్కర్లేదా?" అని ఊగుడు కుర్చీలో ఊగుతూ నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఊళ్ళో అందరూ ఈ ముచ్చట చెప్పుకునేవారు. మరి ఆ రోజున వచ్చిన పేషెంట్లంతా ఎవరి చేతి కిందికి వెళ్ళారో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నా చేతులు ఖాళీగా లేవు కదా.

ఆయన లెక్కలో పేషెంట్లు రెండు రకాలు. అరిటాకులు, బియ్యంబస్తాలు. మెడ పట్టేసినవాళ్ళు, మణికట్టు లాగినవాళ్ళు, భుజం బిగిసినవాళ్ళు అరిటాకులు. పక్షవాతం వచ్చి సగం ఒళ్ళు పడిపోయినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు బస్తాలు. బస్తాని కుర్చీలోంచి మంచం మీదికి, మంచం మీంచి కుర్చీలోకి ఎత్తాలి, బిగుసుకుపోయిన కాలు సాగదియ్యాలి, ముడుచుకున్న వేళ్ళని ఒక్కొక్కటే మన వేళ్ళతో విప్పాలి. అక్కడ ముంజేయి పనికిరాదు. బంగారమే తియ్యాలి.

నేను చేరిన రెండో ఏడాది కోరుకొండ వైపు నుంచి ఒక రైతుగారిని తీసుకొచ్చారు. నూట పది కిలోలుంటారు, కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాస్టారు ఆయన పక్కన కూర్చుని, తోటలు, వానలు, పిల్లల చదువులు, అన్నీ మాట్లాడారు. భార్య కళ్ళు తుడుచుకుంటూ, "మీ చేతిమీదుగా లేచి నిలబడితే చాలండి" అంది. మాస్టారు నా వైపు చూశారు.

"నా చెయ్యి కాదమ్మా. మా అమ్మాయి చెయ్యి చూడండి. ఆవిడ హస్తవాసి మంచిది. నాకు ఆర్నెల్లు పడుతుంది, ఆవిడ మూణ్ణెల్లలో లేపుతుంది."

"ఆయ్, అలాగా అండీ!" అని ఆవిడ రెండు చేతులా నా చెయ్యి పట్టుకుంది.

హస్తవాసి. మన వైపు ఆ మాటకున్న బలం ఏ డిగ్రీకీ లేదు. మందు అదే, వైద్యం అదే. ఒకరి చెయ్యి పడితే తగ్గుతుంది, ఒకరి చెయ్యి పడితే తగ్గదు. అది చదివితే వచ్చేది కాదు, దేవుడివ్వాలి. అంతటి మాట మాస్టారి నోట నా గురించి వచ్చింది. నాకు రెక్కలు మొలిచాయి. రైతుగారు నాలుగో నెలలో కర్ర పట్టుకుని నడిచారు. వాళ్ళావిడ కొండెక్కి నరసింహస్వామికి మొక్కు తీర్చుకుని, ప్రసాదం నేరుగా నా దగ్గరికి తెచ్చింది. మాస్టారు గుమ్మంలో నిలబడి, "చెప్పానా?" అన్నారు.

అంతే. ఆ రోజు నుంచి రాజమండ్రి చుట్టుపక్కల ఎక్కడ పక్షవాతం వచ్చినా నా దగ్గరికే. "ఆ అమ్మాయి హస్తవాసి మంచిదంటండి, మాస్టారే చెప్పారు." రోజుకి నలుగురు, అయిదుగురు బస్తాలు. మాస్టారు ముందుగదిలో అరిటాకులు చూసుకునేవారు, దులుపుకునేవారు, మజ్జిగ తాగేవారు. నాకు మాత్రం బావిలో నీళ్ళూరే టైము ఉండేది కాదు. ఎలా ఉంటుంది? నేను దేవుడిచ్చిన చేతులదాన్నాయె. ఉప్పాడలో మా అమ్మ ఈ మాట ఇంటింటికీ చెప్పింది. నేను వెళితే చాలు, జ్వరం వచ్చిన చంటిపిల్లల్ని తెచ్చి, "ఒక్కసారి చెయ్యి వెయ్యవే అమ్మా" అనేవారు. వేసేదాన్ని. సిగ్గులేకుండా నమ్మాను.

అయిదో ఏట ఒక పొద్దున్న జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయాను. బొటనవేలు మొదట్లో కత్తి దింపినట్టుంది. సాయంత్రం వరకూ ఓర్చుకుని, ఆఖరి పేషెంటు వెళ్ళాక మాస్టారికి చూపించాను. ఆయన నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలు పట్టుకుని, మొదట్లో కీలు మీద వేలితో నెమ్మదిగా వెతికారు. ఒక చోట ఆయన వేలు ఆగింది. రెండు క్షణాలో, మూడు క్షణాలో.

"ఏం లేదమ్మా. అలవాటైపోతుంది. వేణ్ణీళ్ళలో ఉప్పేసి పెట్టుకో. వల లాగిన వంశం మీది, నీకేంటి!" అన్నారు. అని లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి, చేతులు దులుపుకున్నారు. ఫట్, ఫట్, ఫట్.

అప్పుడు నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు. నా నొప్పి కూడా తనకి అంటిందనీ, అంత దగ్గరిదాన్ననీ అనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు.

ఏడో ఏడు. ఉప్పాడ వెళ్ళడానికని సామర్లకోటలో రైలు దిగాను. మండిపోయే ఎండ. బల్ల మీద కూర్చున్న ఒకావిడ నా వైపు నీళ్ళసీసా చాపి, "ఏవండీ, కాస్త ఈ మూత తీసిపెడతారా?" అంది. నాకన్నా ఓ పదేళ్ళు పెద్దది. తీసుకుని తిప్పాను. రాలేదు. చీరచెంగు వేసి తిప్పాను. బొటనవేలు కలుక్కుమని, సీసా చేతిలోంచి జారిపోయింది. పల్లీలమ్ముకునే ముసలాయన దాన్ని అందుకుని, ఒక్క తిప్పుతో మూత తీసి ఇచ్చి, మా ఇద్దరి వంకా జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఆవిడ నీళ్ళు తాగలేదు. నా చెయ్యే చూస్తోంది.

"కుట్టుపనా అండీ?"

"కాదండీ, ఫిజియో. రాజమండ్రిలో."

"ఇన్నీసుపేటా?"

"అవునండి."

ఆవిడ గట్టిగా నవ్వింది. మంచి నవ్వు కాదది. "గురుదక్షిణ ఇచ్చేశారన్నమాట. ఏమన్నారు మీతోటి? హస్తవాసి మంచిదన్నారా?"

నేను తలూపాను.

"నాకూ అదే అన్నారండి. తొమ్మిదేళ్ళు. నాకన్నా ముందు మండపేట నుంచి ఒకావిడ ఉండేవారట, ఆవిడకీ అదే. నా వేలు చూపిస్తే అలవాటైపోతుందన్నారు. మూడేళ్ళకి గరిట పట్టుకోలేకపోయాను. ఇప్పుడు ఇక్కడే స్కూల్లో గుమాస్తాగా చేస్తున్నానండి, ఎడంచేత్తో రాస్తాను." సీసా ఎడంచేతిలోకి మార్చుకుంది. "మీరు ఇంకా చేస్తున్నారా? అయ్యో, వెర్రితల్లీ!"

ఉప్పాడ వెళ్ళలేదు. ఆ బల్ల మీదే కూర్చుండిపోయాను. వేలు పోయినందుక్కాదు, ఒట్టు. ఆయన వేలు నా కీలు మీద ఆగింది చూశారూ, అది గుర్తొచ్చింది. కీలు అరిగిపోతే వేలి కింద ఎలా తెలుస్తుందో నాకు తెలుసు, ఆ తెలియడం నేర్పింది ఆయనే. తెలిసిన చోటే వేలు ఆగుతుంది. ఆయనకి తెలుసు. తెలిసి, అలవాటైపోతుందన్నారు. తెలిసి, మర్నాడు పొద్దున్న నాకు అయిదుగురు బస్తాల్ని ఇచ్చారు. ఆ రోజు కుళాయి దగ్గర ఆయన దులుపుకున్నది నా నొప్పిని కాదు, నన్ను. చేతులు దులుపుకోవడమని మన వాళ్ళు ఊరికే అన్నారా? ఏడేళ్ళు రోజూ చెవులారా విన్నాను, అర్థం చేసుకోలేకపోయాను.

మర్నాడు వెళ్ళి, ఆయన మజ్జిగ తాగుతున్న అయిదు నిమిషాల్లోనే అడిగాను. సామర్లకోటలో ఎవరు కనపడ్డారో చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టలేదు.

"అబద్ధం చెప్పానా అమ్మా? నీ హస్తవాసి మంచిది కాదా? కోరుకొండ ఆయన నడవలేదా?"

"నా వేలు మీద మీ వేలు ఆగింది మాస్టారూ."

ఇంకో గుక్క మజ్జిగ తాగారు. తరవాత, ఎంతో మామూలుగా, పాఠం చెప్పినట్టే చెప్పారు. "నీకన్నీ నేర్పాను. మంచం ఎత్తు నేర్పాను. ఒంటి బరువు నేర్పాను. దులుపుకోవడం నేర్పాను. 'ఇంక చాలు, నా వల్ల కాదు' అనడం నువ్వే నేర్చుకోలేదు."

"అది మీరు నేర్పలేదండి."

"నేర్పితే ఇక్కడుంటావా?"

కోపంగా అనుంటే బాగుండేది. అరిస్తే తిరిగి అరిచేదాన్ని. ఆయన మజ్జిగ చల్లగా ఉందన్నంత తేలిగ్గా అన్నారు. నేను నా తువ్వాలు, నా టిఫిను డబ్బా తీసుకుని బయటికొచ్చేశాను. వీధి చివరిదాకా వచ్చాక వెనకనించి వినపడింది. ఫట్, ఫట్, ఫట్.

తరవాత దానవాయిపేటలో చిన్న గది తీసుకుని, చెయ్యి వెయ్యకుండా వ్యాయామాలు మాత్రం నేర్పుతూ బతికాను. రోజుకి ఇంతమంది అని తలుపు మీద రాసిపెట్టాను. ఆ పై వచ్చినవాళ్ళని రేపు రమ్మంటాను. మొదట్లో అలా అనడానికి నోరొచ్చేది కాదు, ఇప్పుడు వస్తోంది. మా అమ్మ మాత్రం "నీ హస్తవాసి వృథా చేసుకుంటున్నావే" అని సణుగుతూనే ఉంది. అసలు ఆ వాసి నాకుందో లేదో నాకెలా తెలుస్తుంది? చెప్పినవాడు అబద్ధాలకోరు. ఆ నమ్మకం ఒక్కటీ ఉండుంటే, వేలు పోయినా బాధపడేదాన్ని కాదు.

మూడేళ్ళ తరవాత మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క. పిన్నిగారు ఫోన్లో ఏడ్చారు. "ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడం లేదమ్మా. నీ పేరే అంటున్నారు." వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. బస్తాల్ని ఎత్తకుండా ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి, తనే బస్తా అయి పడుకుని ఉన్నారు.

మంచం ఎత్తు సరిచేసుకుని, వీలైనంత ముంజేత్తోనే, ఒంటి బరువుతో ముప్పావుగంట చేశాను. అన్నీ ఆయన చెప్పినట్టే. అయిపోయాక ఆయన ఎడంచేత్తో నా కుడిచెయ్యి పట్టుకున్నారు. బొటనవేలు మొదట్లో వెతికారు. వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. తప్పయిపోయిందమ్మా అన్న ఒక్క మాట వస్తుందని, ఛీ, ఇంకా ఆశపడ్డాను.

వంకర తిరిగిన నోటితో, కూడబలుక్కుని అన్నారు. "హ... స్త... వాసి."

మళ్ళీ అదే గాలం! చిన్నతనంలో మింగినదాన్ని ఇప్పుడూ మింగుతాననుకున్నారు. నాకు ఒళ్ళంతా మండింది. గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారి వైపు తిరిగి, ఆయనకి వినపడేలా చెప్పాను. "నాకు కుదరదండి పిన్నిగారూ. తుని నుంచి వచ్చిన ఫిజియో ఒకావిడ ఉన్నారు, సత్యవతి అని. ఇద్దరు పిల్లల తల్లి, మంచి పనిమంతురాలు. నాకన్నా ఆవిడ హస్తవాసి మంచిదండి."

ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. అర్థమైంది ఆయనకి. ఆ మాట ఎందుకంటారో ఈ భూమ్మీద ఆయనకన్నా తెలిసినవాడెవడు? నేను పెరట్లోకి వెళ్ళి, అదే కుళాయి దగ్గర, కిటికీలోంచి ఆయన చూస్తుండగా, చేతులు దులుపుకున్నాను. మూడుసార్లు. హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

సత్యవతికి కూడా అలాగే చెప్పాను, "నీ హస్తవాసి మంచిది, నువ్వే చూడాలి" అని. ఎనిమిది నెలలు చూసింది. ఆయన లేవలేదు. నిద్రలో పోయారు.

పెద్దకార్యం నాడు షామియానా కింద మొదటి వరసలో కూర్చున్నాను. నా పక్క కుర్చీలో సత్యవతి వచ్చి కూర్చుంది. మైకులో ఎవరో మాస్టారి సుగుణాలు వరసపెట్టి చెబుతున్నారు.

"మేడంగారూ, మీరన్న మాట మా అమ్మకి కూడా చెప్పానండి" అంది సత్యవతి గుసగుసగా. "హస్తవాసి మంచిదన్నారని. మా అమ్మ ఎంత పొంగిపోయిందో! ఆయన్ని లేపలేకపోయానని బెంగే గానండి, మీ మాట వల్ల నాకు పక్షవాతం కేసులు బోల్డు వస్తున్నాయి. రోజుకి ఆరుగురు."

అంటూ ఎడంచేత్తో కుడి బొటనవేలు నలుపుకుంటోంది. నలుపుకుంటున్నట్టు ఆవిడకి తెలియనైనా తెలియదు.

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వమ్మా" అన్నాను.

నవ్వుతూ ఇచ్చింది. బొటనవేలు పట్టుకుని, మొదట్లో నెమ్మదిగా వెతికాను. నా వేలు ఆగింది.

"ఏంటండీ? ఏమైనా ఉందా?"

నాలుక చివర సిద్ధంగా ఉంది ఆ ముక్క. అలవాటైపోతుంది. ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట, ఎంత దయగా వినిపిస్తుందో. ఆవిడ సంతోషంగానే ఇంటికి వెళ్ళేది.

"ఉంది" అన్నాను. "కీలు అరగడం మొదలైంది. రేపట్నుంచి బరువు పనులు ఆపెయ్యి. ఎముకల డాక్టరుకి చూపించు. ఆరుగురు కాదు, ఒక్కరు కూడా వద్దు."

"అలా ఎలా ఆపనండీ? అంత నమ్మి వస్తున్నారు. నా హస్తవాసి..."

"నీ హస్తవాసి సంగతి నాకు తెలీదమ్మా. ఆ రోజున నాకు ఆయన్ని వదిలించుకోవాలనిపించింది. అందుకని అన్నాను. అంతే."

సత్యవతి నవ్వు మొహం మీద అలాగే కాసేపుండి, తరవాత పోయింది. తన చెయ్యి నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకుంది.

"ఎనిమిది నెలలండీ" అంది. "ఆ మాట పట్టుకునే కదండీ మోశాను."

అలవాటు చొప్పున నా చెయ్యి దానంతటదే దులుపుకోబోయింది. చెంగులో చుట్టేసుకున్నాను. మైకులో నా పేరు పిలిచారు. పిన్నిగారు వెనకనించి, "వెళ్ళమ్మా, నిన్నే" అన్నారు. రాసుకున్న కాయితం కుర్చీలోనే వదిలేసి వెళ్ళి నిలబడ్డాను.

"మాస్టారి దగ్గర నేను నేర్చుకోనిదంటూ ఏమీ లేదండి" అన్నాను. అంతే చెప్పి మైకు ఇచ్చేశాను.

అందరూ నిజమే, నిజమే అని తలలూపారు. సత్యవతి మాత్రం తలెత్తలేదు. ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతి వంకే చూసుకుంటూ కూర్చుంది.